ఇరవై ఒకటి అంటే 201 రాస్తున్నారు: ఒకటి, రెండు తరగతుల కృత్యాలపై చర్చ

చిత్రావతి_గట్టు

అందరికీ నమస్తే. అనంతపురం జిల్లా, ప్రాథమిక పాఠశాల. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో, కలిపి 32 మంది, టీచరు ఒక్కరే. పదులు, ఒకట్ల కోసం పుల్లల కట్టలు పెట్టాం. పుల్లలిస్తే కట్టలు కడుతున్నారు, "రెండు కట్టలు, ఒక విడి పుల్ల" అని నోటితో కూడా చెబుతున్నారు. పలక మీద ఇరవై ఒకటి రాయమంటే మాత్రం 11 మంది 201 రాస్తున్నారు. ముప్పై ఐదుకు 305.

రబ్బరు బ్యాండ్లు వారానికే తెగిపోతున్నాయి. పుల్లలు పంచి, మళ్లీ ఏరుకునేసరికి పీరియడ్‌లో సగం పోతోంది. పుల్లలు మానేసి ఇంకోదానికి పోవాలా, చేయించే తీరు మార్చాలా? అక్షరాలకు, కొలతలకు కూడా ఇట్లాంటి కృత్యాలే చేయించాలనుంది. మన దగ్గర దొరికే వస్తువులతో, ఎన్ని కావాలో లెక్కతో సహా చెప్పండి.

హంద్రీ_ఒడ్డు

పుల్లలు మానొద్దు టీచర్ గారూ. 201 రాసిన పిల్లవాడు విన్నది విన్నట్టే రాశాడు. చెవికి "ఇరవై" వినపడింది, 20 వేశాడు. "ఒకటి" వినపడింది, పక్కన 1 వేశాడు. అతని లెక్కలో అది సరైనదే. 20లోని సున్నా "విడి పుల్లలు లేవు" అని చెబుతోందనీ, ఒక విడి పుల్ల రాగానే ఆ సున్నా చోటు దానికి ఇవ్వాలనీ ఇంకా తెలియదు, అంతే. కట్టలు కట్టడం ఒక పని, అంకెలు రాయడం ఇంకో పని అయిపోయాయి. రెండింటినీ కలిపే వస్తువు మధ్యలో లేదు.

ఆ వస్తువు ఒకదాని మీద ఒకటి పెట్టే కార్డులు. ఒకట్ల కార్డులు 1 నుంచి 9 దాకా తొమ్మిది, ఒక్కోటి 5 సెం.మీ. వెడల్పు, 7 సెం.మీ. ఎత్తు. పదుల కార్డులు 10, 20, 30... 90 దాకా తొమ్మిది, ఎత్తు అదే 7, వెడల్పు 10. జట్టుకు 18 కార్డులు. ఆరు జట్లకు 108. పెళ్లి పత్రికల అట్ట బాగా పనికొస్తుంది, గట్టిగా ఉంటుంది, లోపలి వైపు ఖాళీ ఉంటుంది.

చేయించే వరుస ఇది. ముందు రెండు కట్టలు పెట్టి, కింద 20 కార్డు పెట్టాలి. విడి పుల్ల ఒకటి పెట్టి, దాని కింద 1 కార్డు. ఇప్పుడు 1 కార్డును ఎత్తి 20 మీద కుడి అంచుకు సరిగ్గా ఆనించి పెట్టాలి. సున్నా కప్పబడుతుంది, 21 కనపడుతుంది. పిల్ల తనే కార్డు ఎత్తి చూసి "కింద ఇరవై ఉంది" అనాలి, మళ్లీ పెట్టి "ఇరవై ఒకటి" అనాలి. ఈ ఎత్తడం, పెట్టడం ఒక్కొక్కరు కనీసం ఐదారుసార్లు చేయాలి. టీచరు చేసి చూపిస్తే సరిపోదు. తర్వాత వెంటనే, అక్కడి నుంచి లేవకముందే, పలక మీద రాయాలి. పుల్లలు సోమవారం, రాయడం బుధవారం అయితే మళ్లీ 201 వస్తుంది.

కోత దగ్గరే తప్పు జరుగుతుంది. పదుల కార్డు వెడల్పు ఒకట్ల కార్డుకు సరిగ్గా రెండింతలు లేకపోతే సున్నా అంచు బయటికి తొంగిచూస్తుంది. కొలిచి కొలిచి కోయొద్దు. 5×7 అట్ట ఒకటి అచ్చుగా పెట్టుకుని, దాని చుట్టూ గీసి కోయండి. పదుల కార్డుకు అదే అచ్చు పక్కపక్కన రెండుసార్లు. అంకె ఒక్కో గడి మధ్యలో ఉండాలి.

నల్లరేగడి

రబ్బరు బ్యాండ్ల సంగతి. మన ఎండలకు సన్న బ్యాండు పెళుసెక్కి తెగుతుంది, మెలిపెట్టడం ఆరేళ్ల వేళ్లకు కష్టం కూడా. సైకిల్ షాపులో పారేసే పాత ట్యూబు తెచ్చి అడ్డంగా కోయండి. వెడల్పు 3 నుంచి 4 మి.మీ. అంతకు మించితే మెలి తిరగదు. ఒక్క చుట్టుకు వదులుగా ఉంటుంది, మెలిపెట్టి రెండో చుట్టు వేయాలి, పుల్లలు సన్నవైతే మూడోది. వాల్వు దగ్గరి భాగం, అతుకు వేసిన భాగం వదిలేయండి. కోసిన తర్వాత సబ్బునీళ్లలో కడగాలి, లేకపోతే లోపలి తెల్ల పొడి చేతులకు అంటుతుంది.

పుల్లలకు కొబ్బరి పొరక మేలు. కంది కట్టె పుల్లలు పేళ్లు లేస్తాయి, జొన్న దంటు చీలిపోతుంది. పొరక పుల్ల మొదటి వైపు మందంగా ఉన్న భాగమే తీసుకోండి, కొస వంగిపోతుంది. పొడవు 10 సెం.మీ. పదిహేను దాటితే పక్కనోళ్ల కంట్లో గుచ్చుకునే ప్రమాదం. కోసిన కొసలు బండ మీద రెండుసార్లు రుద్దితే నున్నబడతాయి.

ఎన్ని కావాలంటే: 50 లోపు సంఖ్యలకు జట్టుకు 60 పుల్లలు, కట్టలకు వేసే 6 ట్యూబు ఉంగరాలు. మీ 32 మందికి ఆరు జట్లు, 360 పుల్లలు, 36 ఉంగరాలు. పోయేవాటికి కలిపి 400, 40 చేసుకోండి.

ఇంకో మాట. కట్టలు ముందే కట్టి ఇవ్వకండి. సమయం కలిసొస్తుందని చాలామంది అట్లే చేస్తారు. కట్టిన కట్ట పిల్లకు ఒక వస్తువు మాత్రమే, అందులో పది ఉన్నాయని నమ్మకం ఉండదు. "ఇందులో ఎన్ని?" అని అడిగితే విప్పి లెక్కపెడుతుంది. విప్పకుండా "పది" అనే దాకా కట్టించాలి.

చిత్రావతి_గట్టు

కార్డుల సంగతి అర్థమైంది. కప్పడం అనే పని మా పుల్లల్లో లేనే లేదు. రెండు ప్రశ్నలు. పదులకు ఒక రంగు, ఒకట్లకు ఒక రంగు వేయాలా? నేల మీద పదులు, ఒకట్ల గడులు గీస్తే కొందరు ఒకట్లు ఎడమ వైపు పెడుతున్నారు, ఎందుకు?

కడపబండ

రెండోదానికి ముందు చెబుతా. జట్టు గుండ్రంగా కూర్చుంటుంది, గడి మధ్యలో ఒకటే గీస్తారు. ఎదురుగా కూర్చున్న పిల్లకు కుడి ఎడమ తారుమారు. ఆ పిల్ల తన కుడి వైపే ఒకట్లు పెట్టింది, గడిలో అది ఎడమ అయింది. టీచరు ఎదురుగా నిలబడి చూపించినా ఇదే జరుగుతుంది. కాబట్టి జట్టు మొత్తం ఒకే వైపు, గోడకు ముఖం పెట్టి వరుసగా కూర్చోవాలి, టీచరు వాళ్ల వెనక నుంచి చేయి చాచి చూపించాలి. లేదంటే ఇద్దరికో గడి.

గది నేల మన కడప బండలైతే మంచి పలక ఉన్నట్టే. నల్లటి బండ మీద సుద్ద బాగా కనపడుతుంది. పాలిష్ పెట్టిన బండ మీద సుద్ద జారుతుంది, గరుకు బండ కావాలి. తడిగుడ్డతో తుడిచాక పూర్తిగా ఆరకముందు గీస్తే గీత పడదు, ఆరిన తర్వాత తేలుతుంది, అప్పటికి పిల్లలు దాని మీద నాలుగు గీతలు గీసి ఉంటారు. పీరియడ్‌కు ముందే గీసి పెట్టుకోవాలి. గడి పరిమాణం: పదుల వైపు 30 సెం.మీ., ఒకట్ల వైపు 30, ఎత్తు 40. ఒకట్ల గడిలో తొమ్మిది పుల్లలు పడుకోబెట్టేంత చోటే ఉంచి, పదో పుల్లకు చోటు లేకుండా తొమ్మిది అడ్డగీతలు గీయండి. పదోది వచ్చిందంటే కట్ట కట్టక తప్పదు. చెప్పకుండానే గడి ఆ పని చేయిస్తుంది.

రంగు విషయానికి, వేయొద్దు. రంగు వేస్తే పిల్ల రంగును చదువుతుంది. నీలం ముందు, ఎరుపు తర్వాత అని పట్టుకుంటుంది. నోటుబుక్కులో ఒకే పెన్సిలు కదా, అక్కడ ఆసరా పోతుంది.

హంద్రీ_ఒడ్డు

కడపబండ గారూ, ఇందులో నాకు వేరే అభిప్రాయం ఉంది. మొదటి పది పదిహేను రోజులు రంగు ఉంటే జట్టులో పిల్లలు ఒకరినొకరు సరిదిద్దుకోగలరు, ఒక్క టీచరున్న గదిలో అది చిన్న విషయం కాదు. తర్వాత అదే కార్డులు తిప్పి వెనక వైపు నల్ల మార్కర్‌తో రాసుకుంటే రంగు పోతుంది. ముందొకటి, వెనకొకటి. తీసేసే తేదీ ముందే అనుకోవాలి, లేకపోతే రంగు ఏడాదంతా ఉండిపోతుంది.

కడపబండ

వెనక్కి తిప్పుకునే పద్ధతైతే సరే. అయినా నేను మొదటి రోజు నుంచి నలుపే వాడమంటాను.

దహాయీ_ఇకాయీ

కడప, కర్నూలు ఉర్దూ మాధ్యమం బడుల వాళ్లు ఈ చర్చ చదువుతుంటే వాళ్ల కోసం ఒక సంగతి. తెలుగులో ఇరవై ఐదు అన్నప్పుడు పదులు ముందు, ఒకట్లు తర్వాత. రాసే వరుస కూడా అదే. ఉర్దూలో "పచ్చీస్" అంటే ఐదు ధ్వని ముందు వినపడుతుంది, ఇరవై తర్వాత. అందుకే మన పిల్లల దగ్గర 205 కంటే 52 ఎక్కువ కనపడుతుంది. అదీగాక ఉర్దూ రాత కుడి నుంచి ఎడమకు, సంఖ్య మాత్రం ఎడమ నుంచి కుడికి.

ఇక్కడ కార్డుల ముందు మాట మార్చాలి. కట్టలు పట్టుకుని "దో దహాయీ, పాంచ్ ఇకాయీ" (రెండు పదులు, ఐదు ఒకట్లు) అనిపించాలి, తర్వాతే "పచ్చీస్". కార్డు పెట్టేటప్పుడు ఎప్పుడూ పదుల కార్డు ముందు నేల మీద పడాలి, ఒకట్ల కార్డు దాని మీదికి రావాలి. చేతి వరుస స్థిరపడితే చెవి వరుస తారుమారైనా రాత నిలబడుతుంది. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడ ఇంటి భాషగా ఉన్న పిల్లలకు ఈ బాధ లేదు, "ఇప్పత్తైదు" కూడా తెలుగు లాగే పదులు ముందు.

తెలుగులో చిక్కు పదకొండు నుంచి పందొమ్మిది దాకానే. "పన్నెండు"లో పది, రెండు పిల్లల చెవికి విడిగా వినపడవు. పాఠ్యపుస్తకం వరుసలో ఇవే ముందు వస్తాయి కాబట్టి "పది రెండు, పన్నెండు", "పది ఆరు, పదహారు" అని జంటగా పలికించండి. ఒకటి వదిలి ఒకటి కాదు, రెండూ, ప్రతిసారీ.

కుందూ_పాయ

పంచడం, ఏరడం గురించి ఎవరూ చెప్పలేదు. జట్టుకో మూతగల ప్లాస్టిక్ డబ్బా. మూత మీద లోపల ఏమున్నాయో రాసి ఉండాలి: "పుల్లలు 60, ఉంగరాలు 6". డబ్బా తెచ్చేది, తిరిగి ఇచ్చేది ఒకే పిల్ల, వారానికొకరు మారాలి. ఆఖరి ఐదు నిమిషాలు ఏరడం అనుకోకండి, అది కృత్యంలో భాగం. జట్టు అన్ని పుల్లలూ పది పది కట్టి చూపించాలి. ఆరు కట్టలొస్తే డబ్బా మూసేయొచ్చు. ఐదు కట్టలు, ఎనిమిది విడివి వస్తే "ఎన్ని పోయాయి?" అని వాళ్లే లెక్క తీసి వెతుకుతారు. పదికి ఎంత తక్కువ అనేది అక్కడ రోజూ వస్తుంది. ఉంగరాలు మర్నాటికి కట్టలకే ఉంటే ఉండనివ్వండి, ఆ రోజు విప్పడంతో మొదలుపెట్టండి. 42లో నుంచి 7 తీయాలంటే ఒక కట్ట విప్పాలి కదా.

రెండు తరగతులకు పీరియడ్ 40 నిమిషాలనుకుంటే: మొదటి 8 నిమిషాలు ఇద్దరికీ కలిపి, తర్వాత 15 నిమిషాలు ఒకటో తరగతి పుల్లలతో, రెండో తరగతి పలకతో, తర్వాత 12 మారాలి, ఆఖరి 5 కట్టలు చూపించడానికి. టీచరు పుల్లల వైపే ఉండాలి. పలక వైపు పని ముందే బోర్డు మీద ఉండాలి.

ఇక గింజల మాట. లెక్కపెట్టడానికి చింతగింజలు మంచివి, ఒక్కో జట్టుకు 100 చాలు. పురుగు పడుతుంది కాబట్టి కడిగి రెండు రోజులు గట్టి ఎండలో పెట్టి, ఎండు వేపాకు వేసి దాచాలి. కొన్ని గింజలు మాత్రం తరగతి గది దరిదాపులకు రానీయొద్దు. ఆముదాలు మన చేలల్లో దండిగా ఉంటాయి, మచ్చలు మచ్చలుగా చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, నమిలితే విషం. గురివింద గింజలు కూడా అంతే, పచ్చగన్నేరు గింజలూ అంతే. విత్తనానికి తెచ్చిన బుడ్డల (శెనక్కాయల) గింజలకు రంగు పట్టించి ఉంటే అది విత్తన శుద్ధి మందు, వాటిని ముట్టించకూడదు. కందులు, పెసలు లాంటి చిన్న గింజలు ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు, తేమకు లోపల ఉబ్బుతాయి. ఒకటో తరగతికి చింతగింజ కంటే చిన్నది వద్దు, అది కూడా లెక్కతో ఇచ్చి లెక్కతో తీసుకోవాలి.

శెనక్కాయ_చేను

శెనక్కాయలతో రెండ్ల ఎక్కం చేయించొచ్చా? కాయకు రెండు గింజలు కదా, పది కాయలు ఒలిస్తే ఇరవై.

కుందూ_పాయ

ఎక్కానికి వద్దు. కదిరి 6 లాంటి రకాల్లో ఎక్కువ కాయలకు రెండు గింజలుంటాయి గానీ ఒంటిగింజవి, మూడు గింజలవి కూడా వస్తాయి. పది కాయలకు 19 వస్తే పిల్ల ఏమనుకోవాలి? ఎక్కం తప్పనా, లెక్క తప్పనా? రెండ్లకు చెప్పుల జతలు, సైకిల్ చక్రాలు వాడండి, అవి ఎప్పుడూ రెండే.

అదే శెనక్కాయ రెండో తరగతి పట్టికకు మాత్రం బంగారం లాంటిది. జట్టుకు 20 కాయలు. ఒలవకముందే ఒక్కో కాయ పట్టుకుని ఊపి, నొక్కి ఎన్ని ఉంటాయో చెప్పి, తర్వాత ఒలవాలి. నేల మీద మూడు నిలువు వరుసలు: ఒకటి, రెండు, మూడు. ఖాళీ తొక్కను తగిన వరుసలో కింది నుంచి పైకి పేర్చాలి. తొక్కల ఎత్తు చూస్తే ఏది ఎక్కువో అంకె లేకుండానే తెలుస్తుంది. తొక్కలు చిన్నవి పెద్దవి ఉంటే తక్కువ కాయలున్న వరుస ఎత్తుగా కనపడి మోసం చేస్తుంది, అందుకే 5 సెం.మీ. గడులు గీసి గడికొకటే పెట్టించండి. గింజలు నల్లబడినవి, బూజు పట్టినవి ముందే తీసేయాలి, పిల్లలు తినకుండా ఉండరు.

పెన్న_ఇసుక

అక్షరాల గురించి అడిగారు. ఇసుక పళ్లెం అందరూ పెడతారు, ఎక్కువ చోట్ల రెండో వారానికి మూలకు పోతుంది. కారణం ఇసుక మందం. రెండు సెం.మీ. పోస్తే వేలు లాగినప్పుడు పక్క ఇసుక జారి గీత పూడిపోతుంది. 4 నుంచి 5 మి.మీ. చాలు, వేలు తగిలినప్పుడు అడుగు కనపడాలి. అడుగు ముదురు రంగులో ఉండాలి. మిఠాయి డబ్బా మూతలో నల్ల కాగితం అంటించి, ఇసుక పోయండి. 30×20 సెం.మీ. మూతకు అర కేజీ లోపే పడుతుంది. ఇసుక కడిగి, ఆరబెట్టి, టీ వడగట్టే జాలిలో రెండుసార్లు జల్లించాలి. జల్లించని ఇసుకలో గులకరాయి తగిలితే వేలు పక్కకు పోతుంది, అక్షరం వంకర పోతుంది. పిండి, రవ్వ వాడితే చీమలు. చెమట చేతికి ఇసుక అంటుకుంటుంది, పక్కన పొడిగుడ్డ ఉంచండి. జట్టుకో పళ్లెం చాలు, ఒకరు రాస్తుంటే పక్కవాళ్లు ఆ అక్షరం ఎక్కడ మొదలైందో చూసి చెప్పాలి.

ఎక్కడ మొదలైంది అనేదే అసలు సంగతి. తెలుగు అక్షరం సున్నాల చుట్టూ తిరుగుతుంది, తిరిగే దిశ తప్పితే చూడ్డానికి సరిగ్గానే ఉన్నా తర్వాత గుణింతం కలపడం కష్టం. మాంటిస్సోరి బడుల్లో వాడే గరుకు కాగితపు అక్షరాలు ఇందుకే. మనం 120 నంబరు ఉప్పుకాగితం తెచ్చుకోవచ్చు, 60 నంబరుది వేలి చర్మం గీరుతుంది. అక్షరం ఎత్తు 8 సెం.మీ., గీత వెడల్పు 8 మి.మీ. మొదలయ్యే చోట ఒక ఎర్ర చుక్క పెట్టండి. పోలికలతో కలవరపడే జంటలు పక్కపక్కన ఒకే వారం నేర్పొద్దు: ప-ష, న-స, ద-ధ, బ-భ, ర-ఠ.

గుణింతాల చక్రాలు చేస్తారు చూడండి, మధ్యలో "క", చుట్టూ గుర్తులు. ఆ చక్రం తెలుగుకు సరిపడదు. "క" అలాగే ఉండి పైన గుడి వచ్చి కూర్చోదు కదా. "కి" రాయాలంటే తలకట్టు పోయి ఆ చోట గుడి వస్తుంది. కా, కి, కీ, కె, కే, కొ, కో, కౌ అన్నింట్లో తలకట్టు పోతుంది. కు, కూ, కృల్లో ఉంటుంది. చక్రం చూసిన పిల్ల తలకట్టు మీద గుడి పెడుతుంది, తప్పు మనం ఇచ్చిన వస్తువుదే. బదులుగా, అట్ట మీద తలకట్టు లేని "క" ఒళ్లు రాయండి. చొక్కా డబ్బాల మీద వచ్చే పారదర్శక మూత కోసి, ఒక ముక్క మీద తలకట్టు, ఒకదాని మీద గుడి, ఒకదాని మీద ఏత్వం, ఇలా పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. పిల్ల తలకట్టు ముక్క తీసేసి గుడి ముక్క పెట్టాలి. తీయడం, పెట్టడం రెండూ చేతిలోనే జరుగుతాయి. క, గ, త, ద, ర, స దీనికి బాగా కుదురుతాయి. ల, బ, జ, ణ, ఖలకు విడి తలకట్టు లేదు కాబట్టి తర్వాత. ప, వలకు కొమ్ము కింది నుంచి వస్తుంది, పక్కన పెడితే "వు" కాస్తా "మ" అయిపోతుంది. వాటికి కొమ్ము ముక్క వేరే చేసుకోవాలి. మొ, యొలు ఆఖర్న, విడిగా.

హంద్రీ_ఒడ్డు

ఈ పారదర్శక ముక్కల పద్ధతి, పైన చెప్పిన కార్డులు ఒకే పని చేస్తున్నాయి. అక్కడ సున్నా కప్పబడుతుంది, ఇక్కడ తలకట్టు తీసేస్తారు. మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960ల్లో చెప్పిన నేర్చుకునే మెట్లు మూడు: చేత, బొమ్మ, గుర్తు. మన శిక్షణల్లో నాలుగుగా చెబుతారు, అనుభవం, మాట, బొమ్మ, గుర్తు. తరగతిలో ఎక్కువగా జారిపోయేది రెండోది, మాట. చేతిలో వస్తువు ఉండగానే నోటితో చెప్పించకపోతే ఆట ఆటగానే మిగులుతుంది.

నల్లరేగడి

కొలతలకు క్లుప్తంగా. ముందు జాన, మూర, అడుగు. ఒకే బల్లను ఇద్దరు జానలతో కొలిస్తే ఎనిమిది, తొమ్మిది వస్తాయి, అప్పుడు ఎందుకని అడగాలి. పాదం గీసి కోసిన కాగితపు అచ్చులు పిల్లకు పది ఇవ్వండి, ఒక్కటే ఇచ్చి జరిపిస్తే గుర్తు పెట్టుకోలేక ఖాళీలు వదులుతారు, ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తారు. పది అచ్చులూ పరిచాక కంటికే తప్పు కనపడుతుంది. కాగితాలు ఎగరకుండా ఫ్యాను ఆపండి.

పరిమాణానికి నీళ్లు వద్దు, మన ఊళ్లలో నీళ్లు ఒలకబోయడం బాగోదు, నేల జారుతుంది కూడా. జొన్నలో, జల్లించిన ఇసుకో వాడండి. గోపురంగా పోస్తే గ్లాసుకు గ్లాసుకు తేడా వస్తుంది, స్కేలుతో పైన సమం చేయాలి. ఇసుక తడిస్తే ముద్దకట్టి మధ్యలో ఖాళీలు మిగులుతాయి.

రెండో తరగతికి మట్టి పరీక్ష ఒకటి. ఎర్రమట్టి, నల్లరేగడి రెండూ దొరికే జిల్లాలు మనవి. లీటరు నీళ్ల సీసాలు రెండు సగానికి కోసి, మూతి భాగానికి ఒకే రకం గుడ్డ కట్టి, తలకిందులుగా కింది సగంలో కూర్చోబెట్టండి. కోసిన అంచుకు టేపు తప్పనిసరి. ఒక్కోదాంట్లో 200 గ్రాముల మట్టి, పైన 100 మి.లీ. నీళ్లు. పది నిమిషాల్లో కిందికి ఎన్ని దిగాయో సీసా మీద గీత పెట్టాలి. ఇక్కడ చాలామందికి ఫలితం తిరగబడుతుంది: నల్లరేగడిని గడ్డలుగా వేస్తే గడ్డల సందుల్లోంచి నీళ్లు ఎర్రమట్టి కంటే ముందే దిగిపోతాయి. దాన్ని రోకలితో దంచి, జల్లించి వేయాలి. అప్పుడు తడిసి ఉబ్బి నీళ్లను పట్టి ఉంచుతుంది.

శెనక్కాయ_చేను

నీడ కొలిచే కృత్యం కూడా పెడితే బాగుంటుంది. 30 సెం.మీ. నిటారు కర్ర, బండ మీద గంటగంటకూ నీడ కొస దగ్గర సుద్దతో గీత, ఆ నీడ పొడవుకు దారం కోసి గోడకు అంటించాలి. మన అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల మీద సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన వస్తాడు. ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చేది సెలవుల్లో పోతుంది. ఆగస్టు రెండో వారంలో వచ్చేది బడి రోజుల్లోనే. ఆ రోజుల్లో మధ్యాహ్నం 12:20, 12:25 ప్రాంతంలో కర్ర నీడ దాదాపు మాయమవుతుంది. పన్నెండు గంటలకే చూసి లేదనుకుని లోపలికి పోకండి, దేశమంతటికీ గడియారం సమయం లెక్కించే రేఖకు మనం పడమటి వైపున ఉన్నాం. మబ్బు పట్టొచ్చు కాబట్టి మూడు నాలుగు రోజులు వరుసగా చూడాలి. కర్ర నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి సరిచూడండి, కొంచెం వాలినా నీడ మిగులుతుంది. పిల్లలు నేల వైపే చూడాలి, సూర్యుని వైపు కాదు.

చిత్రావతి_గట్టు

అందరికీ ధన్యవాదాలు. ముందు కార్డులు, ట్యూబు ఉంగరాలు, డబ్బాలు. అక్షరాల ముక్కలు తర్వాతి నెల. చివరి ప్రశ్న: కార్డులు ఎప్పుడు తీసేయాలి? గోడకు వంద పూసల గణితమాల కట్టమంటున్నారు, అది కార్డుల బదులా?

కడపబండ

బదులు కాదు. మాల ముందూ వెనకా, ఏది దేనికి దగ్గర అనేవాటికి, కట్టలు గుంపులకు. పది పూసలు ఒక రంగు, పది ఇంకో రంగు. ఇక్కడ రంగు కావాల్సిందే, పదుల హద్దు అదే చెబుతుంది. పూస 1 సెం.మీ. అయితే పూసలకు మీటరు, జరపడానికి 20 సెం.మీ. ఖాళీ, ముడులకు రెండు వైపులా పదేసి, మొత్తం 140 సెం.మీ. తాడు. పిల్లల భుజం ఎత్తులో బిగువుగా కట్టండి, జారితే మధ్య పూసలు కిందికి గుంపుపడతాయి. 23 చూపించాలంటే 23వ పూస తర్వాత క్లిప్పు పెట్టాలి, పూస మీద కాదు. లేకపోతే క్లిప్పునూ ఒక పూసగా లెక్కపెడతారు.

హంద్రీ_ఒడ్డు

కార్డులు తీసేయడానికి ఈ ఆరు సంఖ్యలు చెప్పి రాయించండి: 14, 41, 40, 44, 13, 30. ఇదే వరుసలో, కార్డులు కనపడకుండా. ఆరూ సరిగ్గా రాసిన పిల్లను 44లో ఒక్కో 4 చూపించి "దీనికి పుల్లలు ఎన్ని తేవాలి?" అని అడగండి. ఎడమ నాలుగుకు నాలుగు పుల్లలు తెస్తే రాయడం వచ్చింది గానీ విలువ రాలేదు, ఇంకో వారం కట్టలతో ఉండాలి. నాలుగు కట్టలు తెస్తే ఆ పిల్ల వరకు కార్డులు పక్కన పెట్టొచ్చు. తరగతి మొత్తానికి ఒకేసారి తీయొద్దు.

డబ్బా మాత్రం పారేయకండి. రెండో తరగతిలో నూట ఏడు చెప్పగానే 1007 వస్తుంది, అదే తప్పు ఇంకో గడి పెరిగి తిరిగొస్తుంది. అప్పటికి 15 సెం.మీ. వెడల్పున 100 నుంచి 900 దాకా తొమ్మిది కార్డులు అదే అచ్చుతో మూడుసార్లు గీసి కోసి కలుపుకోండి. 107కు 100 కార్డు మీద 7 నేరుగా కుడి అంచుకు వస్తుంది, మధ్య సున్నా కనపడుతూనే ఉంటుంది.